మూడో టేబుల్ మీద నీడ

18-8-2008, సోమవారం

ఈ రోజు నుంచి దీపం ఆర్పడం లేదు. మూడు నెలల పరీక్ష మొదలైంది. ల్యాబ్ సీలింగ్‌కి ముప్పై ఆరు తెల్ల ఎల్‌ఈడీలు బిగించిన పలక, దాని కింద నా టేబుల్, మూడో నంబరుది. టేబుల్ చివర అగ్గిపెట్టెంత రిసీవర్. ఆ దీపం కంటికి కనపడనంత వేగంగా వెలిగి ఆరుతూ డేటా పంపుతుంది. ఏదైనా అడ్డొచ్చి వెలుతురు అందకపోతే ఆ క్షణమే రేడియో అందుకుని పని నడిపిస్తుంది. వెలుతురు నాది. రేడియో మురళీకృష్ణ గారిది. ఒకే కాలేజీలో లెక్చరర్లం, ఒకే ల్యాబ్, ఒకే ప్రాజెక్టు.

ఈ రోజూ దెబ్బలాటే. వెలుతురు పోయిన సంగతి వాడేవాడికి తెలియకూడదండి, తెలియకపోవడమే మన గొప్ప అంటారాయన. పోతే పోయినట్టు తెలియాలి కదండీ, లేకపోతే దీపం చచ్చి వారమైనా మనం హాయిగా కాఫీ తాగుతూ కూర్చుంటాం అన్నాను. గొంతు పెరిగింది. నాకు నోరు పెద్దదని మా అమ్మ ఊరికే అనదు. ఆయన నవ్వేసి, సరేలెండి, మీకోసం ఒక లాగ్ రాస్తాను, సెకనుకో అక్షరం, వెలుతురైతే ఎల్, రేడియో అయితే ఆర్, రోజూ సాయంత్రం ఆరింటికి మనిద్దరి మెయిల్‌కీ దానంతటదే వచ్చేస్తుంది అన్నారు.

మీకోసం అన్నారు. ప్రాజెక్టు కోసం అనలేదు. రాసుకోవడానికి సిగ్గేస్తోంది కానీ ఈ పుస్తకం ఎవరు చూడొచ్చారు.

తాళంచెవులు మూడు. నాకొకటి, ఆయనకొకటి, అటెండర్ తలుపులమ్మకొకటి. ఆవిడ నాలుగింటి షేర్ ఆటోకి వెళ్లిపోతుంది. నాకు కాలేజీ బస్సు ఐదూపదికి వచ్చి ఆగుతుంది. ఆయన కాలేజీ ఎదురుగానే గది తీసుకున్నారు కాబట్టి ఎప్పుడు వెళ్తారో ఎవరికీ తెలీదు.

21-8-2008

లాగ్ మొదలైంది. అంతా ఎల్. మధ్యలో రెండు మూడు సెకన్ల ఆర్‌లు నావే, సోల్డరింగ్‌కి వంగినప్పుడు. కరెంటు నాలుగుసార్లు పోయినా ఇన్వర్టర్ లాగించింది.

హెచ్‌ఓడీ తాతాజీ గారు వచ్చి ఫాల్ట్ రిజిస్టర్ ఒకటి తెరిపించారు. టైము, కారణం, తీసుకున్న చర్య, స్టేటస్ అని నాలుగు గళ్లు. స్టేటస్ అంటే ఓపెనా, క్లోజ్డా. కింద మా ఇద్దరి సంతకాలు. తాతాజీ గారి దృష్టిలో రిజిస్టరులో లేనిది లోకంలోనే లేదు.

27-8-2008

నిన్న సాయంత్రం ఐదూ పన్నెండు నుంచి ఐదూ పదహారు దాకా ఆర్. నాలుగు నిమిషాలు. అప్పటికి నేను బస్సులో ఉన్నాను.

28-8-2008

మళ్లీ. ఐదూ పన్నెండు.

1-9-2008

నిన్న ఆదివారం లేదు. అంతకు ముందు రోజూ ఉంది. ఎవరికీ చెప్పలేదు, రిజిస్టరులోనూ ఎక్కించలేదు. నా సర్క్యూట్‌లోనే ఏదో వెధవ తప్పు ఉండి ఉంటుంది. రిసీవర్ మొత్తం విప్పి మళ్లీ అతికించాను. వేలు కాలింది. తప్పేమీ దొరకలేదు. మురళీ గారు ఏమైందండీ అని అడిగితే ఏం లేదండి అన్నాను.

2-9-2008, సాయంత్రం 4.30

ఆయనకి క్లాసు ఉంది. తలుపులమ్మ వెళ్లిపోయింది. తలుపు దగ్గరికి వేసి ప్రయోగం చేశాను. టేబుల్ ముందు నిలబడ్డాను. ఎల్. కుర్చీలో కూర్చున్నాను. ఎల్. అటూ ఇటూ చేతులు చాపాను. ఎల్.

కుర్చీలో కూర్చుని టేబుల్ మీద తల వాల్చాను. ఆర్.

అదే రోజు, 5.40, బస్సులో

వంతెన మీద ఉన్నాం. కిందనే గూడ్సు పోతోంది, అక్షరాలు వంకర్లు పోతున్నాయి. ఇప్పుడు, సరిగ్గా అరగంట కిందట, నా కుర్చీలో కూర్చుని నా టేబుల్ మీద తల వాల్చుకున్న మనిషి ఎవరు? తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉందో నాకు తెలుసు. కొవ్వూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. మొహంలో ఏం కనపడుతోందో అని భయం.

8-9-2008

చవితి రోజూ, ఆదివారాలూ తప్ప ఒక్క రోజు మానలేదు.

మురళీ గారు నిన్న ఆత్రేయపురం వెళ్లొచ్చారు, వాళ్ల ఊరు. వాళ్లమ్మ అచ్చాయమ్మ గారు డిపార్ట్‌మెంట్ మొత్తానికీ పూతరేకులు పంపారు. నాకూ ఒక పొట్లం, తాతాజీ గారికీ, తలుపులమ్మకీ. బెల్లంవి. నాది ఇంటికి తీసుకెళ్లకుండా బస్సులోనే అంతా తినేశాను. ఇంట్లో ఎవరిచ్చారని అడుగుతారు కదా.

9-9-2008

పొద్దున్న నా టేబుల్ మీద రేకు ముక్క. పల్చగా, తెల్లగా, గోరంత. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. ఊదలేదు. ఈ పుస్తకంలో పెట్టుకున్నాను. ఇరవైతొమ్మిదేళ్ల దాన్ని, ఎం.టెక్ చదివిన దాన్ని. సిగ్గుండాలి.

12-9-2008

పగలంతా మామూలే. రెబెక్కా గారూ ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇస్తారా అంటారు. ఇస్తాను. చెయ్యి తగలకుండా పిడి అటు తిప్పి ఇస్తాను. ఆయనా తగలకుండా తీసుకుంటారు. సాయంత్రం నాలుగు నిమిషాలు మాత్రం ఆ తల అక్కడ ఉంటుంది. మర్నాడు పొద్దున్న నేను అక్కడ అరచెయ్యి ఆనించి మెయిల్ చదువుతాను. చల్లగానే ఉంటుంది. అయినా ఆనిస్తాను.

ఒక్క మాట అనొచ్చు కదా మహానుభావుడు. లేకపోతే నేనే అనొచ్చు. అని? మా నాన్న జీవరాజు గారు లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. వాళ్లమ్మ గారు సోమవారం పొద్దున్నే ద్రాక్షారామం బస్సు ఎక్కుతారు. వీటన్నిటికీ ముందు, అసలు ఆయన నోటి వెంట ఒక మాట వస్తే కదా నేను ఎవరితోనైనా దెబ్బలాడేది. దెబ్బలాడటం నాకు బాగా వచ్చు.

19-9-2008

ఆయనకి బెంగళూరు కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. అక్టోబరు 31 రిలీవింగ్. సోల్డరింగ్ చేస్తుంటే పక్కన నిలబడి చెప్పారు. కంగ్రాచ్యులేషన్స్ అండి అన్నాను. నవ్వాను కూడా. మీరేమీ అనరా అన్నారు. అన్నాను కదండీ కంగ్రాచ్యులేషన్స్ అన్నాను. ఛీ, నా నోరు. అక్కర్లేని చోట ఊరంతా వినపడుతుంది.

20-9-2008

నిన్న సాయంత్రం ఆర్ పదకొండు నిమిషాలు.

29-9-2008

రోజూ నాలుగు నిమిషాలే మళ్లీ. ఇంకా ముప్పై రెండు రోజులు. మూర్ఖురాలిలా లెక్కపెడుతున్నాను. ఇంటికెళ్లినా అమ్మ చెప్పేది చెవికెక్కడం లేదు. అన్నంలో మజ్జిగకి బదులు రసం పోసుకుని, పోసుకున్నాక ఊరికే చూస్తూ కూర్చున్నానట. ఒంట్లో బాలేదా అంది. బాగానే ఉంది. ఒంటికేమీ కాలేదు.

7-10-2008, మంగళవారం

రేపటి నుంచి దసరా సెలవులు కాబట్టి ఆయుధ పూజ ఈ రోజే కానిచ్చేశారు. తాతాజీ గారు కొబ్బరికాయ కొట్టారు. తలుపులమ్మ గంధం గిన్నె, కుంకుమ పట్టుకుని ల్యాబులన్నీ తిరిగింది. ఆసిల్లోస్కోపులకీ, కంప్యూటర్లకీ, ఆఖరికి టేబుల్ ఫ్యానుకీ బొట్లు. నేను బస్సు టైమైపోతోందని ప్రసాదం తీసుకుని వచ్చేశాను.

నిర్ణయించుకున్నాను. పదమూడో తారీఖు కాలేజీ తెరవగానే నేనే అడుగుతాను. లాగ్ ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టి, ఐదూ పన్నెండు దగ్గర వేలు పెట్టి, ఇదేంటండీ అంటాను. అంతే. మిగతాది ఆయన చూసుకుంటారు. ప్రింట్ తీశాను కూడా. ముప్పై నాలుగు సాయంత్రాలు. సంచిలో ఉంది.

10-10-2008

సెలవులు ఇంత పొడుగా.

13-10-2008, ఉదయం 9.15

మెయిల్ తెరిచాను. ఏడో తారీఖు మధ్యాహ్నం మూడూ నలభై నుంచి అంతా ఆర్. ఆరు రోజులు. ఒక్క ఎల్ లేదు. ఎవరూ చదవరు కనుక రాసేస్తున్నాను, ఒక్క క్షణం ఏమనుకున్నానంటే, సెలవులన్నీ ఆయన ఇక్కడే, నా టేబుల్ మీదే...  తర్వాత రిసీవర్ చేతిలోకి తీసుకున్నాను.

అదే రోజు, ఇంట్లో, చర్చి గంట కొట్టాక

మొత్తం రాయాలి. లేకపోతే నిద్ర పట్టదు.

రిసీవర్ కంటి మీద, సరిగ్గా గాజు మీద, గంధం బొట్టు. దాని మీద కుంకుమ. ఎండిపోయి గట్టిగా అతుక్కుంది. తలుపులమ్మ నా రిసీవర్‌కీ బొట్టు పెట్టింది! వెలుతురు లోపలికి పోకపోతే రేడియో నిక్షేపంగా అందుకుంది, డేటా ఒక్క ముక్క పోలేదు, కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. నేను అన్నదే జరిగింది కదా అని గెంతాను. కోపం, నవ్వు, రెండూ వచ్చాయి. తలుపులమ్మని పిలిచి అరిచాను. ఆవిడ బిక్కమొహం వేసుకుని, అందరి మిషన్లకీ ఒక చుక్క పెట్టానండి, మేడంగారి దానికి మాత్రం పని బాగా జరగాలని రెండోసారి కూడా గంధం అద్దానండి అంది. ఏం తిట్టను ఇంక.

అరుపులు విని తాతాజీ గారు వచ్చేశారు. మురళీ గారు అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. రిజిస్టర్ తెమ్మన్నారు తాతాజీ గారు. లాగ్ ఏదమ్మా అన్నారు. కంగారులో సంచిలోంచి ఆ ప్రింట్ తీసి ఇచ్చేశాను. మురళీ గారి కోసం తీసిన ప్రింట్. ఐదూ పన్నెండు దగ్గరల్లా పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్న ప్రింట్.

ఇవేంటమ్మాయ్, రోజూ సాయంత్రం ఆర్ ఉంది, రిజిస్టరులో ఒక్కటీ లేదే అన్నారు. అబ్జర్వేషన్‌లో ఉంచానండి అన్నాను. నువ్వు ఆ టైముకి బస్సులో ఉంటావు కదా, మరి నీ టేబుల్ దగ్గర ఎవరుంటున్నారు, కారణం రాయాలి కదా, ఎవరు, ఎవరది అని కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కొక్కరి మొహం చూశారు. మురళీ గారు నోరు తెరిచారు. నేను చూశాను, తెరిచారు.

నేనేనండి బాబూ అంది తలుపులమ్మ. ఊడ్చి ఊడ్చి నడుం పట్టేస్తే మేడంగారి కుర్చీలో కూర్చుని కాసేపు తల వాలుస్తున్నానండి, తప్పైపోయిందండి, ఇంక చెయ్యనండి అంది.

గదిలో ఏసీ ఎప్పుడూ పనిచేయదు. ఆ క్షణం మాత్రం నాకు చలేసింది. ఆవిడా! ముప్పై నాలుగు సాయంత్రాలు ఆవిడ నడుం నొప్పినేనా నేను బస్సులో మొహం తిప్పుకుని మోసుకెళ్లింది? పూతరేకుల పొట్లం ఆవిడకీ ఇచ్చారు కదా. ఆ రేకు ముక్క కూడా ఆవిడదే.

తాతాజీ గారు రాయమ్మా అన్నారు. రాశాను. కారణం: అటెండర్ టేబుల్ మీద తల వాల్చడం. చర్య: మందలించడమైనది. స్టేటస్: క్లోజ్డ్. పెన్ను కాగితానికి కన్నం పెట్టేలా నొక్కి రాశాను. నా మీద నాకే అంత కోపం. సంతకం పెట్టి మురళీ గారి వైపు తోశాను. ఆయన ఆ మూడు ముక్కలూ చాలాసేపు చదివారు. క్లోజ్ చేసేశారాండీ అన్నారు, మెల్లగా. చేసేశానండి అన్నాను.

సంతకం పెట్టారు.

14-10-2008

అంతా ఎల్.

17-10-2008

అంతా ఎల్. తలుపులమ్మ మాట నిలబెట్టుకుంది. ఐదూ పన్నెండు దగ్గర చూడటం మాత్రం నేనింకా మానలేదు. కాలు తీసేసినవాళ్లకి కూడా పాదం దురద పెడుతుందట.

22-10-2008

ఆయన మాట్లాడటం తగ్గించేశారు. స్క్రూడ్రైవర్ కావాలంటే లేచొచ్చి ఆయనే తీసుకుంటున్నారు. వెళ్లిపోయే మనిషి, ఇక్కడి గోలతో ఏం పని అనుకున్నాను. రేడియో ఫైళ్లన్నీ నాకు అప్పగిస్తున్నారు. చక్కని దస్తూరీ. ప్రతి ఫైలు మీదా, రెబెక్కా గారికి.

31-10-2008, శుక్రవారం

మధ్యాహ్నం అందరూ సమోసాలు, ఉపన్యాసాలు. తాతాజీ గారు శాలువా కప్పారు. తర్వాత మురళీ గారు ల్యాబ్‌కి వచ్చి తాళంచెవి నా టేబుల్ మీద పెట్టారు. దీపం వైపు చూశారు. మీ వెలుతురుకి ఇంక అడ్డేమీ లేదు కదండీ అన్నారు. లేదండి, రోజూ అంతా ఎల్ వస్తోంది అన్నాను. చూస్తున్నానండి, నాకూ మెయిల్ వస్తోంది కదా అన్నారు. ఆ మాట అని ఇంకేదో అంటారని నిలబడ్డాను. ఉంటానండి అన్నారు.

ఉండండి అనొచ్చు. తెలుగులో మూడక్షరాలు. బస్సు హారన్ కొడుతోంది. పరిగెత్తాను.

3-11-2008

లాగ్ మెయిల్లోంచి ఆయన అడ్రసు తీసేయమన్నారు తాతాజీ గారు. సరేనండి అన్నాను. తీయలేదు.

ఆయన టేబుల్ ఖాళీ. డస్టర్ ఒకటి మర్చిపోయారు. మడత పెట్టి సొరుగులో దాచాను. బెంగళూరులో ఇప్పుడు చలిగా ఉంటుందట. ఆ మనిషికి చలికోటు ఉందో లేదో కూడా తెలీదు నాకు. ఏం తెలుసని ఇంత?

10-11-2008, సోమవారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం తలుపులమ్మ ఊడుస్తుంటే, సాయంత్రాలు నడుం నొప్పిగా ఉంటే ఆ టేబుల్ మీద కాసేపు తల వాల్చుకోండి, నేనేమీ అనను అన్నాను. ఆవిడ కోసం కాదు. ఆ నాలుగు నిమిషాలు లేకుండా లాగ్ చూడలేకపోతున్నాను. ఎవరి తలైతేనేం అనిపించింది. ఆవిడ గట్టిగా నవ్వి, నేనెందుకు వాలుస్తానండీ, నాలుగింటి ఆటో పోతే ఊరిదాకా కాళ్లీడ్చుకుంటూ పోవాలి నేను అంది. అని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగింటి ఆటో. నాకు తెలుసు. ఆగస్టు పద్దెనిమిదిన ఈ పుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్నాను. ఇప్పుడే తిరగేసి చూశాను. ఉంది.

చీపురు లాక్కుని చెప్పండి అన్నాను. చెప్పింది. ఎప్పుడో క్యారేజీ మర్చిపోయి, సగం దారిలో ఆటో దిగి నడిచి వెనక్కొచ్చి తలుపు తీస్తే మురళీబాబుగారు ఆ కుర్చీలో, టేబుల్ మీద చెంప ఆనించుకుని ఉన్నారట. నిద్ర కాదండి మేడంగారూ, కళ్లు తెరుచుకునే ఉన్నారండి అంది. ఈవిడ క్యారేజీ తీసుకుని, తలుపు మళ్లీ దగ్గరికి వేసి వచ్చేసిందట. ఆ రోజు పెద్దసారు పుస్తకం తెరుచుకుని ఎవరూ ఎవరూ అంటుంటే, బాబుగారు నోరు తెరిచేశారండి, ఆ మాట పుస్తకంలోకి ఎక్కితే ఇంకేమన్నా ఉందాండి, ఆడపిల్ల పేరు కాలేజీ అంతా పాకిపోదూ, నాదేం పోయిందండి ముసలిదాన్ని అని నా పేరు చెప్పేసుకున్నానండి అంది. నా మేలుకే. గంధం రెండోసారి అద్దినట్టే ఇదీను. చీపురు ఆవిడ చేతికిచ్చేసి వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

లాగ్ రాసింది ఆయనే. ఆ టేబుల్ మీద తల పెడితే ఆర్ పడుతుందని నాకంటే ముందు తెలుసు. పొద్దున్నే నేను చదువుతాననీ తెలుసు. పోతే పోయినట్టు తెలియాలి అన్నది నేనే కదా. ఆయన నోటి వెంట మాట రాలేదని నేను విసుక్కున్నాను. ముప్పై నాలుగు సాయంత్రాలు ఆయన చెబుతూనే ఉన్నారు. నేను పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పెద్దసారు చేతిలో పెట్టి, మందలించడమైనది అని రాసి, ఆయన చేతే సంతకం పెట్టించుకున్నాను. క్లోజ్ చేసేశారాండీ అని అడిగారు కూడా. అడిగారు.

11-11-2008

ఫోన్ నంబరు ఉంది. ఏమని మొదలుపెట్టను? బూత్ దాకా వెళ్లి వచ్చేశాను. సెల్ చేతిలో ఉండగా బూత్‌కి ఎందుకు వెళ్లానో అది కూడా తెలీదు.

12-11-2008

బస్సు వదిలేశాను. ఇంటికి ఫోన్ చేసి లేటవుతుందని చెప్పాను. ఐదూ పన్నెండుకి కుర్చీలో కూర్చుని టేబుల్ మీద చెంప ఆనించాను. ఇక్కడి నుంచి చూస్తే ఏం కనపడుతుందా అని చూశాను. కిటికీ కనపడింది. కిటికీలోంచి కాలేజీ బస్సులు ఆగే చోటు. బస్సు ఎక్కే వాళ్లు, ఎక్కి కిటికీ పక్కన కూర్చునే వాళ్లు, బస్సు గేటు దాటి వంతెన వైపు తిరిగే దాకా.

అదీ నాలుగు నిమిషాలు.

ఆరింటికి మెయిల్ వెళ్లిపోయింది. ఇద్దరికీ.

13-11-2008

ఈ రోజూ.

15-11-2008

ఈ రోజూ. ఆయన నుంచి ఏమీ లేదు. నేను మాత్రం? మొదటి రోజే లేచి అడిగానా ఏమన్నా?

17-11-2008

రేపటితో మూడు నెలలు. దీపం ఆర్పేసి, రిజిస్టరులో అన్నీ క్లోజ్ చేసి ఇమ్మన్నారు తాతాజీ గారు. ఏదీ ఓపెన్‌గా ఉండకూడదట, రిపోర్టు ముందుకు పోదట. సరేనండి అన్నాను.

18-11-2008

టైము: 5.12 నుంచి 5.16.
కారణం: రెబెక్కా.
చర్య: లేదు.
స్టేటస్: ఓపెన్.

దీపం ఆర్పలేదు.